కదలకుండా నిలబడే వేటకు కుట్టిన బట్టలు

చలికాలంలో సముద్రం గడ్డకట్టాక సీల్ అనే సముద్ర జంతువు ఊపిరి పీల్చుకోవడానికి మంచులో కన్నాలు ఉంచుకుంటుంది. ముందుకాళ్ల గోళ్లతో గీకుతూ అవి మూసుకుపోకుండా చూసుకుంటుంది. ఒక్కో సీల్‌కు అలాంటి కన్నాలు చాలా ఉంటాయి. అది ఎప్పుడు, ఎక్కడ తల పైకెత్తుతుందో ముందుగా తెలియదు. కెనడా ఉత్తర తీరాల్లో నివసించే ఇన్యూట్ వేటగాళ్లు అందుకే గుంపుగా వెళ్లి, కుక్కలు వాసన పట్టిన కన్నాల దగ్గర తలా ఒకచోట నిలబడేవారు. కన్నంలో ఒక సన్నని పుల్ల నిలబెట్టి, అది కదిలే క్షణం కోసం నడుము వంచి చూస్తూ ఉండాలి. గంట పట్టవచ్చు, రోజంతా పట్టవచ్చు. చుట్టూ మైనస్ 30 డిగ్రీల చలి. కాలు మార్చుకోకూడదు, చేతులు రుద్దుకోకూడదు. మంచు మీద అడుగు చప్పుడు కింది నీళ్లలోకి దిగుతుంది. సీల్ చెవిన పడితే ఆ పూట వేట పోయినట్టే.

చలేస్తే మనిషి కదులుతాడు. ఎడ్మంటన్‌లోనో విన్నిపెగ్‌లోనో ఉంటున్న మన తెలుగువాళ్లకు మైనస్ 30 తెలుసు, కానీ ఆ చలిలో వాళ్లు గబగబా నడిచి ఇల్లు చేరుకుంటారు. కన్నం దగ్గర నిలబడ్డవాడికి ఆ దారి లేదు. ఒంట్లో పుట్టే కాస్త వేడినీ బయటికి పోనివ్వని బట్ట కావాలి, అది కిక్కురుమనకుండా ఉండాలి. ఈ రెండు అవసరాలూ ఒక్క చర్మంతో తీరాయి. అది ఉత్తర ధ్రువ ప్రాంతపు జింక కారిబూది.

కారిబూ వెంట్రుకల లోపల గాలి నిండిన సన్నని గదులు ఉంటాయి. పై వెంట్రుకల అడుగున దట్టంగా మెత్తని నూగు ఉంటుంది. చలిని ఆపేది ప్రధానంగా ఈ రెండింట్లోనూ చిక్కుకున్న గాలే. బట్ట మడతపడినా, చేయి ఒరుసుకున్నా చప్పుడు రాకుండా మింగేసేదీ ఆ బొచ్చే. ఈ కాలపు నైలాన్ కోటు వెచ్చగా ఉండవచ్చు, కానీ గట్టి చలిలో బిరుసెక్కి మోచేయి వంచితే చాలు గరగరలాడుతుంది. ఆకారానికి, రంగుకు కొత్త బట్టల్లో ఎంతో ఆలోచన పెడుతున్నారు. చప్పుడు గురించి కారిబూ చర్మం కుట్టినవాళ్లు ఆలోచించినంతగా ఇంకెవరూ ఆలోచించలేదని నేను నమ్ముతాను.

ఏ కారిబూ చర్మం పడితే అది సరిపోదు. చలికాలం నడిమికి కారిబూ బొచ్చు మరీ పొడవుగా పెరిగి, తొడిగితే రాలిపోతుంది. ఆ చర్మాలు పడకకు పనికొస్తాయి. వేసవి మొదట్లో ఒకరకం ఈగ పురుగులు తొలిచిన రంధ్రాలు చర్మం నిండా ఉంటాయి. ఆ గాయాలు మాని, కొత్త బొచ్చు పొట్టిగా, ఒత్తుగా వచ్చేది వేసవి చివర్లో, ఆగస్టు నుంచి సెప్టెంబరు దాకా. బట్టల కోసం వేట అప్పుడే జరగాలి. ఒక మగవాడి పూర్తి జతకు అరడజనుకు పైగా చర్మాలు కావాలి. ఇంటిల్లిపాదికీ ఎన్ని కావాలో లెక్క వేసుకుంటే, శరత్కాలపు వేట తప్పిన ఏడాది ఆ ఇంటికి ఎలా గడిచేదో అర్థమవుతుంది. పైగా సముద్రపు జంతువుల పనీ కారిబూ పనీ కలపకూడదన్న కట్టుబాటు గట్టిగా ఉండేది. చలికాలపు చీకటి రోజుల్లో సముద్రపు మంచు మీద మకాం పెట్టాక కారిబూ చర్మం కుట్టకూడదు. కాబట్టి ఆ లోపే, కొద్ది వారాల్లోనే, ఆడవాళ్లు అందరికీ కుట్టి పెట్టేవారు.

ముందు చర్మాన్ని ఆరబెట్టి, గీకి, సాగదీసి మెత్తబరచాలి. తర్వాత అర్ధచంద్రాకారపు ఉలు కత్తితో కోస్తారు. కత్తెర అయితే బొచ్చును కూడా తెంపేస్తుంది. ఉలు వెనుకవైపు నుంచి చర్మాన్ని మాత్రమే కోస్తుంది. కొలతలు టేపుతో కాదు, కంటితోనూ జానతోనూ తీసుకుంటారు. జంతువు వీపు చర్మం మనిషి వీపుకు, కాళ్ల చర్మం బూట్లకూ చేతితొడుగులకూ వచ్చేలా చూస్తారు. ఏ భాగం దేనికి తట్టుకుంటుందో జంతువు ఒంటి మీదే తేలి ఉంటుంది. అది చూడగలిగిన కన్ను మామూలు కన్ను కాదు.

దారం కారిబూ వీపు వెంట ఉండే స్నాయువును ఎండబెట్టి, చీల్చి తీసినది. సీల్ చర్మపు బూట్ల కుట్టులోనే ఈ దారం గొప్పతనం బయటపడుతుంది. కరుగుతున్న మంచులో నడవడానికి కారిబూ పనికిరాదు, తడిస్తే చెడిపోతుంది. అక్కడ సీల్ చర్మం కావాలి. దాన్ని కుట్టేటప్పుడు సూది చర్మాన్ని పూర్తిగా దాటకుండా, మందంలో సగం దాకా దిగి పక్కకు వస్తుంది. లోపలి వరస ఒకటి, బయటి వరస ఒకటి. నీరు తగలగానే స్నాయువు దారం ఉబ్బి, ఎండిన చెక్క తొట్టిలో నీళ్లు పోస్తే పలకల సందులు మూసుకున్నట్టు, సూది చేసిన ప్రతి రంధ్రాన్నీ మూసేస్తుంది. జిగురు లేదు, రబ్బరు లేదు. ఆ బూటులోకి నీళ్లు రావు.

తొడుక్కోవడంలోనూ పద్ధతి ఉంది. లోపలి చొక్కా బొచ్చు ఒంటి వైపు, పై చొక్కా బొచ్చు బయటి వైపు. రెంటి మధ్యా గాలి నిలుస్తుంది. ముందు భాగంలో బొత్తాలు ఉండవు, తల మీదుగా వేసుకోవాలి. గాలి దూరే చీలికే లేదు. నడిచేటప్పుడు ఒళ్లు వేడెక్కితే తలముసుగు వెనక్కి తోసి మెడ దగ్గర నుంచి వేడిని పోనిస్తారు. చెమట పట్టకూడదు. చెమట తడి గడ్డకడితే ఎంత మంచి బట్టయినా ప్రాణాంతకమే. ముసుగు అంచుకు వుల్వరీన్ అనే జంతువు బొచ్చు దొరికితే అదే కుట్టేవారు. ఊపిరి ఆవిరి దాని మీద పేరుకున్నా చేత్తో దులిపితే రాలిపోతుంది. ఇంటికి రాగానే ఎముకతోనో కొమ్ముతోనో చేసిన కర్రతో బట్టల మంచు దులిపి, చల్లని చోటే వేలాడదీస్తారు. మంచు కరిగి బొచ్చు తడిస్తే మర్నాడు ఆ బట్టకు వెచ్చదనం ఉండదు.

ఇక వేటలో, కన్నం దగ్గర కాళ్ల కింద ఒక బొచ్చు ముక్క పరుచుకుంటారు. పాదాలకు చలి ఎక్కకుండా, బరువు మారినా కింద మంచు కరకరలాడకుండా. వేటలోని నిశ్శబ్దం ఆ చిన్న ముక్క మీద కూడా ఆధారపడుతుంది.

1903 నుంచి 1905 దాకా నార్వే యాత్రికుడు రోఆల్డ్ అముండ్సెన్ కింగ్ విలియం దీవిలో రెండు చలికాలాలు గడిపి, నెట్సిలిక్ ఇన్యూట్ల దగ్గర ఈ దుస్తుల పద్ధతి నేర్చుకున్నాడు. 1911 డిసెంబరు 14న దక్షిణ ధ్రువం చేరినప్పుడు అతని జట్టు సామానులో బొచ్చు దుస్తులున్నాయి. ఆ విజయంలో కుక్కలకూ స్కీలకూ పెద్ద పాలే ఉంది, నిజమే. కానీ ఆ దుస్తుల పరిజ్ఞానం ఎవరిదో చెప్పాల్సి వచ్చినప్పుడు అముండ్సెన్ పేరు దగ్గరే చాలామంది ఆగిపోతారు. నేర్పినవాళ్లలో కుట్టిన ఆడవాళ్లు ఉన్నారు. వేటగాడి ఓపికను పొగిడే కథలు ఎన్నో ఉన్నాయి. ఆ ఓపిక నిలిచింది వాళ్ల కుట్టు మీదే.

ఈ బట్టలు కదులుతుంటే చూడాలనుకునేవాళ్లకు, ఇగ్లూలిక్ వాసి జకారియస్ కునుక్ తీసిన 'అటనార్జుఆట్' సినిమా ఉంది. 2001లో అది కాన్ చలనచిత్రోత్సవంలో కామెరా దోర్ బహుమతి పొందింది. అందులో బట్టలే సగం కథ చెబుతాయి.

ఇప్పుడు వేటకు స్నోమొబైల్ మీద, తుపాకితో వెళ్తున్నారు. దుకాణంలో కొన్న కోట్లూ వేసుకుంటున్నారు. సీల్ చర్మాల ఆదాయం మాత్రం బాగా పడిపోయింది. 1983లో యూరప్ దేశాలు తెల్లబొచ్చు సీల్ పిల్లల చర్మాల దిగుమతిని నిషేధించాయి. ఇన్యూట్లు వేటాడేది ఆ పిల్లల్ని కాదు. అయినా మొత్తం బజారే కూలిపోయి, తిండి కోసం వేటాడి చర్మం అమ్ముకునే ఇళ్లు దెబ్బతిన్నాయి. కారిబూ కథ వేరు. బాఫిన్ దీవిలో మందలు బాగా తగ్గిపోవడంతో 2015 జనవరిలో కెనడా ఉత్తరాన ఉన్న నునావుట్ ప్రాంత ప్రభుత్వం అక్కడ వేటను పూర్తిగా ఆపింది. ఆ ఏడాదే తర్వాత 250 మగ జంతువులకు మాత్రం అనుమతి ఇచ్చింది. మందలు కోలుకోవాలంటే అది తప్పనిసరి నిర్ణయం. కానీ చర్మాలు అందకపోతే కుట్టు నేర్చుకోవడానికి చేతుల్లోకి ఏదీ రాదు. ఇకాలూయిట్‌లో నునావుట్ ఆర్కిటిక్ కళాశాల బొచ్చు దుస్తుల తయారీని పాఠంగా చెబుతోంది. ఒకప్పుడు అమ్మమ్మ పక్కన కూర్చుని బొమ్మలకు బట్టలు కుడుతూ నేర్చుకున్న పనిని ఇప్పటి అమ్మాయిలు అక్కడ మొదటి సూది పోటు నుంచి నేర్చుకుంటున్నారు.