ముందు మూత బిగించండి

ఈ వారం నా ఆనందమంతా ఒక సెంట్రిఫ్యూజ్‌ది. మిత్రుడి కూతురు, బీఎస్సీ బయోటెక్నాలజీ చదువుతున్న పిల్ల, సెలవుల్లో సొంతంగా తయారుచేసింది. డ్రోన్లకు వాడే బ్రష్‌లెస్ మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ, ఒక ఆర్డ్యునో బోర్డు, 11.1 వోల్టుల లిథియం బ్యాటరీ, త్రీడీ ప్రింటర్‌లో తీసిన రోటరు. చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో బియ్యం కడుగు పోసి తిప్పితే, కాసేపట్లోనే పిండి అడుగుకు చేరి పైన తేట మిగిలింది. “పదివేలు తిరుగుతుంది బాబాయ్!” అంది.

ఈ పేజీ ఎప్పటినుంచో చదువుతున్నవారికి నా పాత పాట తెలుసు. సైన్సు చదివే పిల్లలు పరికరాలను అద్దాల బీరువాలో చూసి, రికార్డులో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుంటున్నారని, ఒక్కటైనా తమ చేతులతో చేసుకోవాలని రాస్తూనే ఉన్నాను. ఈ అమ్మాయి చేసింది. పన్నెండు గుంటల రోటరులో ఐదు గొట్టాలే ఉంటే బరువు సరితూగేలా ఎలా అమర్చాలో కాగితం మీద గీసి చూపించింది: మూడు సమత్రిభుజంగా, మిగతా రెండు ఎదురెదురుగా. ఏ గైడులోనూ చదవలేదట. మోటారు అదురుతుంటే కూర్చుని ఆలోచించింది.

ఆ తేట నీళ్లు చూస్తుంటే మా ఊరి పాల కేంద్రం కళ్ల ముందుకొచ్చింది. పాడి ఉన్న ప్రతి ఇంటి లెక్కా తేల్చింది అక్కడి సెంట్రిఫ్యూజే. స్విట్జర్లాండ్‌కు చెందిన గెర్బర్ పేరు మీద నడిచే వెన్న శాతం పరీక్ష అందులో జరిగేది. మెడ దగ్గర సన్నబడి గీతలున్న గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ యాసిడ్, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ పోసేవారు. రబ్బరు బిరడా బిగించి కదిపితే గొట్టం పట్టుకోలేనంత వేడెక్కేది, తెల్లటి పాలు డికాక్షన్ రంగుకు తిరిగేవి. యాసిడ్ మాంసకృత్తులను కరిగించేస్తుంది, వెన్నను వదిలేస్తుంది. గుమాస్తా ఆ గొట్టాలను గుడ్డతో పట్టి ఎదురెదురుగా పెట్టేవాడు. జత కుదరకపోతే నీళ్లు నింపిన గొట్టాన్ని ఎదురు పెట్టేవాడు. తర్వాత పిడి పట్టుకుని తిప్పడం. నిమిషానికి సుమారు 1100 చుట్లు, అయిదు నిమిషాలు. గొట్టం మెడలో పచ్చగా నిలిచిన వెన్నను గీతల మీద చదివి “ఆరున్నర” అంటే మా పిన్ని ముఖం వెలిగేది. “అయిదు” అంటే ఊరుకునేది కాదు. “ఇంకోసారి తిప్పన్నా, మా గేదె అంత పలచగా ఇవ్వదు” అనేది. అతను విసుక్కోకుండా మళ్లీ పాలు కొలిచి పోసేవాడు. ఆ యంత్రం చుట్టూ మందపాటి ఇనుప తొట్టి, పైన బిగించే మూత. చక్రం పూర్తిగా ఆగితే తప్ప ఆ మూత మీద ఎవరినీ చెయ్యి వేయనిచ్చేవాడు కాదు.

మిత్రుడి కూతురి యంత్రానికి మూత లేదు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. ఆరు సెంటీమీటర్ల వ్యాసార్ధంలో నిమిషానికి పదివేల చుట్లంటే భూమ్యాకర్షణకు సుమారు 6700 రెట్లు. రెండు గ్రాముల గొట్టం రోటరు గోడను 13 కిలోల బరువుతో నొక్కుతుంది. ఊడితే గంటకు 220 కిలోమీటర్లకు పైగా వేగంతో వస్తుంది. దాన్ని పట్టి ఉంచుతున్నది పొరలు పొరలుగా అతికిన ప్లాస్టిక్, అదీ మోటారు వేడికి మెత్తబడే రకం. 1998 డిసెంబరులో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పాల నమూనాలు తిప్పుతుండగా కంపెనీ తయారీ అల్యూమినియం రోటరే పగిలిపోయింది. చుట్టూ ఉన్న ఉక్కు కవచం కూడా ఆపలేక గది ధ్వంసమైంది. ఎవరికీ గాయాలు కాకపోవడం అదృష్టం.

వేగమే ప్రమాదమని అనడం లేదు. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం 2017లో కాగితపు బిళ్లకు దారం కట్టి, మన పిల్లలు బొత్తాంతో ఆడే ఆటలాగే రెండు చేతులతో లాగి, నిమిషానికి 1,25,000 చుట్లు తిప్పింది. ఆ పరికరం బరువు రెండు గ్రాములే. బరువున్న రోటరు సంగతి వేరు. వేగం రెట్టింపైతే అందులో దాగే శక్తి నాలుగింతలవుతుంది.

అందుకే, అన్నీ చేసుకోండని ఇన్నాళ్లూ చెప్పిన నేను ఈ ఒక్క యంత్రం దగ్గర హద్దు గీస్తున్నాను. ఇంట్లో చేసిన సెంట్రిఫ్యూజ్‌కు నిమిషానికి మూడువేల చుట్లు చాలు. అదే ఆరు సెంటీమీటర్లకు 600 రెట్ల ఆకర్షణ వస్తుంది, కడుగు తేరడానికి అంతకన్నా అక్కర్లేదు. ఊరందరి వెన్న శాతం తేల్చింది 1100 చుట్లే కదా. పదివేలు కావాలంటే రోటరు, దాని తొట్టి కంపెనీవే కొనాలి. రోగుల రక్తాన్ని మాత్రం ఇంటి యంత్రంలో వేయకూడదు.

తయారుచేయాలనుకునే పిల్లలకూ, వాళ్లకు సాయపడే మాస్టర్లకూ నా విన్నపం ఒక్కటే. ముందు ఇనుప తొట్టి, బిగించే మూత, మూత తెరిస్తే మోటారును ఆపే స్విచ్ సిద్ధం చేసుకోండి. ఆ తర్వాతే బ్యాటరీ కలపండి.