బండిలోకి ఎక్కించే ముందు

భద్రాచలం నుంచి చర్లకు సుమారు 60 కిలోమీటర్లు. దుమ్ముగూడెం దాటేసరికి ఊళ్లు పలచబడతాయి, మెకానిక్ షెడ్లు అంతకన్నా పలచబడతాయి. చింతూరు మీదుగా కుంట వైపు మళ్లినా ఇదే వరస. ఖమ్మం పట్నంలో ఇంజన్ మొరాయిస్తే ఒక పూట పోతుంది. అదే ఇంజన్ చర్ల అవతల మొరాయిస్తే బండిని లాక్కురావడానికి ఇంకో బండి కావాలి, దానికి డీజిలు, డ్రైవరు కూలి పడతాయి, కుదిరిన బేరాలు పోతాయి, విజయవాడ ఆటోనగర్ నుంచి సామాను వచ్చేదాకా ఎదురుచూడాలి. ఇవన్నీ కలిసి అసలు రిపేరు ఖర్చును సులువుగా మించిపోతాయి. అందుకే ఓవరాయిలింగ్ చేసిన పాత ఇంజన్‌ను బండిలోకి ఎక్కించకముందే ఒక స్టాండు మీద బిగించి తిప్పి చూడడం ఈ అడవి అంచు ప్రాంతానికి మిగతా చోట్లకన్నా ఎక్కువ అవసరమని నా వాదన. దీనివల్ల మెకానిక్‌కు కొంత మేలు, బండి యజమానికి చాలా మేలు. మేస్త్రి మాట మీద నమ్మాల్సిన పనిని యజమాని తన కళ్లతో చూసుకోగలుగుతాడు.

ఈ పనికి కావలసిన సరంజామా ఇక్కడ దొరకనిదేమీ కాదు. సింగరేణి గనులు, పాల్వంచ విద్యుత్ కేంద్రం, సారపాక కాగితం మిల్లు ఉన్న చోట లేతు మిషనుకు, వెల్డర్‌కు, పాత ఇనుముకు కొరత ఉండదు. ఇంజన్‌ను బయట తిప్పి చూడడం కూడా కొత్త ఆలోచన కాదు. పాత లారీ టైరు మీదో రెండు చెక్క దుంగల మీదో ఇంజన్‌ను కూర్చోబెట్టి, బ్యాటరీ తగిలించి, పక్కన పెట్రోలు సీసా పట్టుకుని స్టార్ట్ చేయడం మన షెడ్లలో ఎరిగిన పద్ధతే. హెన్రీ ఫోర్డ్ చేసింది కూడా దాదాపు ఇదే. 1893 డిసెంబరు 24 రాత్రి డెట్రాయిట్‌లోని అద్దె ఇంట్లో తన తొలి పెట్రోలు ఇంజన్‌ను వంటింటి సింకుకు బిగించాడు. భార్య క్లారా పెట్రోలు చుక్కలు చుక్కలుగా పోస్తుంటే, ఇంటి కరెంటుతో నిప్పురవ్వ పుట్టించి కాసేపు నడిపాడు. ఇంజన్ తిరుగుతుందా లేదా అన్న ఒక్క ప్రశ్నకు టైరో సింకో సరిపోతుంది. బాగా తిరుగుతోందా, వేడెక్కాక కూడా అలాగే తిరుగుతుందా అని అడగాలంటే ఇంజన్ ఇరవై నిమిషాలైనా కదలకుండా నిలబడి నడవాలి. టైరు మీద అది కుదరదు. రేసు ఇచ్చిన ప్రతిసారీ క్రాంకు తిరిగే దిశకు ఎదురుగా ఇంజన్ మొత్తం ఒరగబోతుంది, టైరు దాన్ని ఆపలేదు.

స్టాండులో మొదట ఆలోచించాల్సింది ఆ ఒరుగుడు గురించే. అంబాసిడర్ ఇంజన్ బరువు 150 కిలోలకు పైనే ఉంటుంది. దాన్ని మోయడానికి 50 మిల్లీమీటర్ల యాంగిల్ సరిపోతుందిగానీ, అడుగు ఫ్రేము వెడల్పు ఇంజన్ ఎత్తుకు తగ్గకూడదు. ఇంజన్‌ను పని చేయడానికి అనువుగా నడుము ఎత్తున పెట్టాలనిపిస్తుంది. ఎత్తు పెరిగినకొద్దీ కాళ్లు బయటికి జరగాలి, అప్పుడు షెడ్డులో చోటు చాలదు. మోకాలి ఎత్తున ఆపేసి, కాస్త వంగి పని చేయడం మేలు. ఆధారాలు మూడు చోట్ల ఉండాలి. ముందు రెండు పక్కలా బండిలో వాడే మౌంటింగ్ రబ్బర్లే పెట్టాలి, వెనక క్లచ్ హౌసింగ్ దగ్గర ఒకటి. రబ్బరు లేకుండా ఇనుమును ఇనుముకే బిగిస్తే అదురు వెల్డింగును తినేస్తుంది, పైగా ఇంజన్‌లోంచి వచ్చే చప్పుడేదో ఫ్రేము చప్పుడేదో తెలియదు. వెనక ఆధారం దగ్గర ఒక మెలిక ఉంది. సెల్ఫ్ మోటారు బిగించేది సాధారణంగా అక్కడే కాబట్టి హౌసింగును పూర్తిగా వదిలేస్తే ఇంజన్‌ను తిప్పే దారి ఉండదు. పాత సామాను కొట్లో పళ్లు అరిగిన గేరుబాక్సు చవగ్గా దొరుకుతుంది. దాని హౌసింగును స్టాండుకే శాశ్వతంగా బిగించి ఉంచితే ఆ రకం ఇంజన్లన్నీ దాని ముందుకు వచ్చి కూర్చుంటాయి. లేదంటే మందపాటి రేకుకు బోల్టుల కొలతలు తీసి రంధ్రాలు వేయించాలి. ఈ రెండో దారిలో ఫ్లైవీల్ బయటపడి ఉంటుంది గనుక దానికి చుట్టూ గట్టి కప్పు తప్పదు. ముందు మౌంటింగులు జరుపుకునేలా పొడవాటి గాట్లు పెట్టిస్తే జీపు ఇంజన్‌కు, అంబాసిడర్ ఇంజన్‌కు ఒకే స్టాండు పనికొస్తుంది.

మిగిలిన అమరికలో రేడియేటర్ తేలిక. బండిలో ఉన్న ఎత్తులోనే ముందు నిలబెట్టి హోస్ పైపులు తగిలిస్తే చాలు. పెట్రోలు విషయంలోనే జాగ్రత్త. రెండు లీటర్ల డబ్బాను కార్బురేటర్ కన్నా ఎత్తున కట్టి పంపుతో పని లేకుండా దింపడం అందరికీ తెలిసిన కిటుకు. అంబాసిడర్‌లో కార్బురేటర్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ రెండూ ఇంజన్‌కు ఒకే వైపు ఉంటాయి. డబ్బాను దగ్గరగా ఉందని ఆ వైపే కడితే, పైపు ఊడిన క్షణాన పెట్రోలు కాలుతున్న ఇనుము మీద పడుతుంది. డబ్బా అవతలి వైపు ఉండాలి, దాని మూతికి తిప్పి ఆపే కాక్ ఉండాలి, బ్యాటరీ దానికి దూరంగా కింద ఉండాలి. కాయిల్‌కు వెళ్లే వైరులో ఒక స్విచ్ పెట్టి, అది మనిషి నిలబడే చోట చేతికందేలా చూడాలి. డీజిల్ ఇంజన్ అయితే ఆ స్విచ్‌తో ఆగదు, దానికి నిప్పురవ్వతో పనే లేదు. పంపు దగ్గర డీజిల్ ఆపే లీవరు కావాలి. రింగులు సరిగా కూర్చోక ఇంజన్ తన ఆయిల్‌ను తానే తాగి అదుపు తప్పి పరుగెత్తితే ఆ లీవరు కూడా పనికిరాదు. అప్పుడు గాలి లోపలికి పోయే నోటిని మూసేయడమే దారి, దానికి సరిపోయే దళసరి రేకు ముందే కోసి పక్కన పెట్టుకోవాలి. మీటర్లలో ఆయిల్ ప్రెషర్ గేజి, నీళ్ల వేడి చూపే గేజి తప్పనిసరి. మిగతావి ఉంటే మంచిదే.

అసలు విలువంతా తిప్పే క్రమంలో ఉంది. మొదట ప్లగ్గులు తీసేసి సెల్ఫ్ మీద తిప్పుతూ ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా ఆగాలి. బేరింగులకు ఆయిల్ అందిందని తెలియకుండా స్టార్ట్ చేస్తే ఓవరాయిలింగ్ ఖర్చు నిమిషంలో మట్టిపాలవుతుంది. తర్వాత ఒక్కో సిలిండరుకూ కంప్రెషన్ చూసి, ప్లగ్గులు బిగించి, 1-3-4-2 వరసలో వైర్లు కలిపి స్టార్ట్ చేయాలి. కొత్త క్యామ్‌షాఫ్ట్, కొత్త ట్యాపెట్లు వేసి ఉంటే స్లోలో నడపడం పొరపాటు. ఈ పాత ఇంజన్లలో క్యామ్ అంచులకు ఆయిల్ చాలావరకు క్రాంకు తిరిగేటప్పుడు ఎగజిమ్మితేనే అందుతుంది. అందుకని తొలి ఇరవై నిమిషాలు 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్య ఉంచాలి. ఆ ఇరవై నిమిషాల్లోనే చాలా సంగతులు బయటపడతాయి. రేడియేటర్ మూతి దగ్గర ఆగకుండా బుడగలు వస్తుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. నీలం పొగ ఆయిల్ కాలుతోందని చెబుతుంది, నల్లపొగ ఇంధనం ఎక్కువైందని చెబుతుంది. నాకింగ్ ఉంటే ఒక్కో ప్లగ్గు పని ఆపి వినాలి, ఏ సిలిండరు ఆగితే చప్పుడు తగ్గుతుందో అక్కడి బిగ్ ఎండ్ బేరింగునే ముందు చూడాలి. చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ప్రెషర్ బాగుండి వేడెక్కాక పడిపోతే బేరింగుల సందు మీద దృష్టి పెట్టాలి. క్రాంకు వెనక సీలు కారడం లాంటివి బండిలో ఉండగా గేరుబాక్సు దించితేగానీ తెలియవు. స్టాండు మీద వంగి చూస్తే కనిపిస్తాయి.

పాడయ్యే ఇంజన్ స్టాండు మీదే పాడైతే నష్టం ఎంత తగ్గుతుందో చెప్పడానికి రైట్ సోదరులను మించిన సాక్ష్యం లేదు. వాళ్ల సైకిలు షాపు మెకానిక్ చార్లీ టేలర్ చేసిన విమానం ఇంజన్ 1903 ఫిబ్రవరిలో డేటన్‌లో పరీక్షకు తిప్పుతుండగానే బేరింగులు పట్టేసి, క్రాంక్‌కేసు పగిలింది. కొత్త పోత తెప్పించుకోవడానికి ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 17న విమానం ఎగిరింది. ఫిబ్రవరిలో జరిగింది పరీక్ష విఫలం కావడమని కొందరు రాస్తారు. పరీక్ష చేయాల్సిన పని చేసిందని నేనంటాను.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయడం కుదరదు. స్టాండు మీద ఇంజన్‌కు లోడు ఉండదు. పది మందిని ఎక్కించుకుని ఘాటు ఎక్కే జీపు పడే పాట్లలో పదో వంతు కూడా దానికి తెలియదు. బలం ఎంతో కొలవాలంటే డైనమోమీటరు కావాలి, అది వీధి షెడ్డుకు అందే వస్తువు కాదు. ఇంకా ముఖ్యమైన సంగతేమిటంటే, పిస్టన్ రింగులు బోరుకు సరిగ్గా ఒదగాలంటే మంట ఒత్తిడి బలంగా ఉండాలి. లోడు లేకుండా గంటల తరబడి తిప్పితే బోరు గోడ నునుపెక్కి ఆయిల్ తాగడం మొదలవుతుంది. కాబట్టి స్టాండు మీద రోజంతా ఆడించి ఇంజన్ సెట్ చేశామని చెప్పే మేస్త్రిని నమ్మకూడదు. అయినా ఈ అభ్యంతరం స్టాండు హద్దును చూపిస్తుందే తప్ప స్టాండు వద్దనదు. కారడం, వేడెక్కడం, ఆయిల్ ప్రెషర్ పడిపోవడం, టైమింగ్ తప్పడం, వాల్వు సరిగా మూసుకోకపోవడం లోడు లేకున్నా తెలుస్తాయి. దారిలో బండిని ఆపేసే తప్పుల్లో చాలా వాటికి ఇవే మూలం.

బండిలో బిగించాకే తిప్పి చూసుకోవచ్చు కదా అన్నది రెండో మాట. తప్పు లేకపోతే అది సరైనదే. తప్పుంటే మాత్రం చైన్ బ్లాక్‌తో మళ్లీ ఇంజన్ లేపి, రేడియేటర్, వైర్లు, సైలెన్సర్ అన్నీ మళ్లీ విప్పాలి. స్టాండు ఒకసారి చేస్తే ఏళ్ల తరబడి ఉంటుంది, రెండోసారి విప్పే కూలి మాత్రం ప్రతిసారీ ఉంటుంది. ప్రమాదం మాటా నిజమే. మూసిన షెడ్డులో నడిపితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది, ఆరుబయటే నడపాలి. ఫ్యాను బెల్టు దగ్గర మేస్త్రి భుజం మీది తువ్వాలు చాలా చెడ్డది. అదెందుకో మన షెడ్లలో ఎవరూ తీసి పక్కన పెట్టరు.

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది కదా, ఇదంతా ఎవరికోసం అని అడగవచ్చు. తయారీ ఆగితే బండ్లు ఆగవు, కొత్త ఇంజన్ దొరకదు కాబట్టి ఉన్నదాన్ని బాగుచేసుకునే అవసరం పెరుగుతుంది. కార్బురేటర్ ఇంజన్లకు, పాత జీపుల్లోని మెకానికల్ పంపు డీజిల్ ఇంజన్లకు ఈ స్టాండు పూర్తిగా చాలుతుంది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 ఇంజన్‌ను దీని మీద తిప్పాలంటే దాని ఈసీయూ, సెన్సర్లు, వైరింగ్ మొత్తం వెంట తేవాలి, తాళంచెవి గుర్తించే ఇమ్మొబిలైజర్‌ను కూడా మెప్పించాలి. ఆ పని ఈ వ్యాసం పరిధి దాటుతుంది. పాత ఇంజన్ల విషయంలో ఇంకొక్కటి జోడించాలి. స్టాండు మీద చూసినవన్నీ చీటీ మీద రాసి ఇంజన్‌తోపాటు యజమానికి ఇవ్వాలి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్, చల్లగా ఉన్నప్పుడూ వేడెక్కాకా ఆయిల్ ప్రెషర్, ఎన్ని నిమిషాలు తిప్పారు, ఏది కారితే ఏది మార్చారు. కొత్త ఆయిల్ ఎప్పుడు పోయాలో, హెడ్ బోల్టులు మళ్లీ ఎప్పుడు బిగించాలో కూడా అందులోనే ఉండాలి. ఆ రెండు పనులూ బండి నడిచాక వచ్చేవి, డ్రైవరు గుర్తుపెట్టుకుని చేయించుకోవాల్సినవి.