నీలం కన్నా లోతు ముఖ్యం

సముద్రం నీలంగా కనిపించేది నీటిలో నీలిరంగు కలిసి ఉన్నందువల్ల కాదు. వెలుతురులోని ఎరుపును నీరు పీల్చుకోగా, లోతు పెరిగేకొద్దీ మిగిలిన నీలమే వెనుదిరిగి కంటిని చేరుతుంది. రెసిన్‌తో కడలి దృశ్యాలు రూపొందించేవారు ఈ సంగతి పట్టించుకోకుండా చిక్కటి నీలిరంగు పేస్టును ఒకే దఫా పోసినప్పుడు, చెక్కపలక మీద తేలేది సముద్రం కాదు, రంగు వేసిన గోడ.

అందువల్ల రంగు పేరుకన్నా దాని పారదర్శకతను ముందు చూడాలి. రాగి పరమాణువు చుట్టూ కర్బన వలయం అల్లుకున్న థాలోసయనిన్ నీలం, వెలుతురును తనగుండా పోనిస్తూనే గాఢమైన ఛాయనిస్తుంది కనుక, దాన్ని అతి స్వల్పంగా కలిపి పలుచని పొరలు ఒకదానిపై ఒకటి పోస్తే లోతు దానంతటదే ఏర్పడుతుంది. అదే జాతి ఆకుపచ్చను కాస్త చేరిస్తే ఒడ్డుకు దగ్గరి నీటి ఛాయ వస్తుంది. ఆల్కహాల్ ఇంకులు చూపుకు ఇంపుగానే ఉన్నా, వాటిలో ఎక్కువభాగం కరిగిపోయే అద్దకపు రంగులే కావడంతో ఎండ తగిలేచోట వెలిసిపోతాయి. అభ్రకపు పొడి తళుకునిస్తుందే గాని లోతునివ్వదు. నేడు దాని వాడకం శ్రుతి మించిందనే చెప్పాలి.

నురుగు విషయం వేరు. అలల తెలుపు గాలిబుడగల మీద చెదిరిన వెలుతురే కాబట్టి, అక్కడ వెలుతురును బలంగా చెదరగొట్టే టైటానియం డయాక్సైడ్ తప్పనిసరి. భీమిలి తీరపు ఇసుకలో నల్లగా కనిపించే ఇల్మెనైట్ వంటి ఖనిజమే ఈ తెల్లని పొడికి ముడిసరుకు కావడం విశేషం. అయితే ఈ పొడి సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 4 గ్రాములు, రెసిన్‌ది 1.1 మాత్రమే, కాబట్టి పలుచగా ఉన్న రెసిన్‌పై తెలుపు పోస్తే అది అడుగుకు జారుతుంది. కింది పొర కొంత చిక్కబడ్డాక తెల్లని గీత, దాని పక్కనే రంగులేని రెసిన్ గీత పోసి హీట్ గన్‌తో ఊదితే, తెలుపు చీలికలై జల్లెడ కళ్లలా విచ్చుకుంటుంది.

ఇక్కడే రెసిన్ రకం ప్రసక్తి వస్తుంది. పైపూతకు ఉద్దేశించిన ఎపాక్సీ చిక్కగా ఉండి త్వరగా గట్టిపడుతుంది కనుక అలలకు అనువైనది. దాన్నే మందంగా పోస్తే, దాన్ని గట్టిపరిచే హార్డెనర్‌తో జరిగే రసాయనచర్యలో పుట్టిన వేడి బయటకు పోలేక పొర పగులుతుంది, కొన్నిసార్లు పొగలు కూడా వస్తాయి. లోతుగా పోసేందుకు చేసిన కాస్టింగ్ రెసిన్ పలుచగా ఉండి, నిదానంగా గట్టిపడుతుంది కాబట్టి అడుగుభాగానికి మేలు, అలలకు పనికిరాదు. పెద్ద పలకకు రెండూ వాడడమే సముచితం. రకం ఏదైనా, ఎపాక్సీ అతినీలలోహిత కిరణాలకు క్రమంగా పసుపెక్కుతుంది. ఆ పసుపు నురుగులో ముందు బయటపడి, నీలాన్ని ఆకుపచ్చ వైపు లాగుతుంది. దాన్ని అడ్డుకునేందుకు కలిపే నిరోధకాలు ఈ మార్పును ఆలస్యం చేయగలవే గాని ఆపలేవు.

తీరప్రాంతపు తేమ మరో చిక్కు. హార్డెనర్‌లోని అమైన్, గాలిలోని తేమతోను, బొగ్గుపులుసు వాయువుతోను కలిసి పొరపైన జిడ్డుగా తేలుతుంది. దాన్ని గోరువెచ్చని నీటితో కడిగి, ఆరబెట్టి, సన్నని గరుకు కాగితంతో రుద్దాకే తరువాతి పొర పోయాలి, లేకుంటే అది అతుక్కోదు.