ఆ ఒక్క నీటి అణువు

ఎం.ఫార్మసీ పిల్లలకు డాకింగ్ నేర్పేటప్పుడు మొదటి క్లాసులో నేను తెర మీదికి తెచ్చే బొమ్మ ఎప్పుడూ ఒకటే. ప్రొటీన్ డేటా బ్యాంక్‌లో దాని గుర్తు 1హెచ్‌ఎస్‌జి. హెచ్ఐవి ప్రొటియేజ్ అనే ఎంజైమ్, దాని పాకెట్‌లో కూర్చున్న ఇండినావిర్ అనే మందు. ప్రపంచంలో డాకింగ్ నేర్చుకున్నవాళ్లలో చాలామందికి చేయి తిరిగింది ఈ బొమ్మ మీదే.

హెచ్ఐవి తన ప్రొటీన్లలో చాలావాటిని విడివిడిగా తయారుచేసుకోదు. పొడుగాటి గొలుసుగా అల్లుకుంటుంది, ప్రొటియేజ్ వాటిని తగిన చోట్ల కోస్తుంది. ఆ కోత ఆగిపోతే బయటికొచ్చే వైరస్ ఎవరికీ సోకదు. ఎంజైమ్‌లో ఒకేలాంటి రెండు సగాలు, ఒక్కొక్కదానిలో 99 అమైనో ఆమ్లాలు. పైన రెండు రెప్పలుంటాయి, అవి తెరుచుకుని మూసుకుంటాయి. 1989లో మెర్క్ కంపెనీవాళ్లూ అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌వాళ్లూ కొద్ది నెలల తేడాతో ఈ ఆకారాన్ని బయటపెట్టారు. ఏడేళ్లు తిరిగేసరికి, 1996 మార్చిలో, ఇండినావిర్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. మందుల చరిత్రలో అది చాలా వేగం. శత్రువు ముఖం కనబడటమే అందుకు ఒక పెద్ద కారణం.

డాకింగ్ పని చెప్పుకోవడానికి సులువు. ఒక అణువును పాకెట్‌లో వేల రకాలుగా తిప్పి, వంచి, ఏ భంగిమలో ఎంత గట్టిగా పట్టుకుంటుందో ప్రోగ్రామ్ అంచనా వేస్తుంది. అంచనా మైనస్ అంకెల్లో వస్తుంది, మైనస్ ఎంత పెద్దదైతే పట్టు అంత గట్టిదన్నమాట. మా పిల్లలు వాడేది ఆటోడాక్ వైనా. అమెరికాలో లా హోయాలోని స్క్రిప్స్ సంస్థలో ఆర్థర్ ఓల్సన్ బృందం తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఆ ఔదార్యం వల్లనే ఇవాళ చిన్న ఊళ్ల కాలేజీలో కూర్చున్న పిల్ల కూడా ఈ పని చేయగలుగుతోంది. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు సంతోషమే.

అయితే పాఠాలన్నిటిలో మొదటి మెట్టుగా ఒక మాట ఉంటుంది: ముందు నీళ్లు తీసేయండి. ఎంజైమ్ స్ఫటికం నుంచి గీసిన బొమ్మలో ఎర్ర చుక్కల్లా చెదిరి ఉండే నీటి అణువులను ఒక్క క్లిక్కుతో తుడిచేస్తారు. నేను అక్కడే క్లాసు ఆపుతాను. రెండు రెప్పల కొసలకూ మందుకూ మధ్య ఒక ఎర్ర చుక్క కనిపిస్తుంది. ఆ నీటి అణువు ఒకవైపు రెండు రెప్పలనూ, మరోవైపు మందునూ హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని ఉంటుంది. మూసిన రెప్పలు మూసినట్టే ఉండటంలో దానికీ భాగముంది. మనిషి శరీరంలో ఇదే తరగతికి చెందిన ఎంజైమ్‌లలో ఈ నీటికి చోటు లేదు.

డ్యూపాంట్ మెర్క్ అనే కంపెనీ శాస్త్రవేత్తలు దాన్ని చెరిపేయలేదు, దానివైపే చూస్తూ కూర్చున్నారు. ఈ నీరు చేసే పనిని మందే చేస్తే? అణువుల త్రిమితీయ డేటాబేస్‌ను వెతికి, నమూనాలు గీసి, చివరికి సైక్లిక్ యూరియా అనే వలయాకారపు అణువులకు చేరారు. వాటిలోని ఆక్సిజన్ సరిగ్గా ఆ నీరు ఉండే చోట కూర్చుంది. 1994లో ‘సైన్స్’ పత్రికలో ఆ పని వెలువడింది. ఇంత అందమైన ఆలోచన ఈ విద్యలో నేను ఎక్కువ చూడలేదు. కానీ ఆ కుటుంబం నుంచి ఒక్క మందుకు కూడా అనుమతి రాలేదు. ఎంజైమ్‌ను పట్టుకోవడం ఒక ఎత్తు, మనిషి మింగిన మాత్ర పేగులు దాటి రక్తంలో నిలకడగా ఉండటం ఇంకో ఎత్తు. రెండోది స్కోరులో కనబడదు.

ఇంకో సంగతీ స్కోరులో కనబడదు, కదలిక. స్ఫటికం ఒక భంగిమను మాత్రమే పట్టి చూపిస్తుంది. 2004లో శాన్‌డియాగోలో మెక్‌కామన్ బృందం హెచ్ఐవిలోని మరో ఎంజైమ్ ఇంటిగ్రేజ్‌ను కంప్యూటర్‌లో కదలనిచ్చి చూస్తే, స్ఫటికంలో లేని గాడి ఒకటి పాకెట్ పక్కనే తెరుచుకుంది. 2007లో ఇంటిగ్రేజ్‌ను ఆపే మందు, మెర్క్ వారి రాల్టెగ్రావిర్ వచ్చాక, దాన్ని కంప్యూటరే కనిపెట్టిందన్నట్టు చెప్పేవాళ్లున్నారు. అది అన్యాయం. మెర్క్ ప్రయోగశాల డైకీటో ఆమ్లాలతో ఇంటిగ్రేజ్‌ను ఆపగలమని 2000లోనే చూపించింది. గాడి ఒక అవకాశాన్ని చూపింది, మందు దాకా నడిచింది మాత్రం పరీక్షనాళికలతో పనిచేసినవాళ్లు.

మన దగ్గరి సంగతికొస్తాను. తిప్పతీగ, వేప, నేలవేముల్లోని అణువులను ప్రొటియేజ్‌లో పెట్టి స్కోరు తీసి థీసిస్ ముగించడం మన ఫార్మసీ కాలేజీల్లో మామూలైపోయింది. “మేడమ్, మైనస్ పది దాటింది!” అంటూ పిల్లలు పరుగెత్తుకొస్తారు. “బాగుందమ్మా, మరి ఇండినావిర్‌ను అదే పాకెట్‌లో పెడితే తన చోటికి తిరిగొచ్చిందా? పని చేయవని ముందే తెలిసిన అణువులకు ఎంత వచ్చింది?” అని అడుగుతాను. చాలాసార్లు జవాబుండదు. అణువు పెద్దదైతే స్కోరు దానంతటదే పెరుగుతుంది. మొక్కల్లో దొరికే క్వెర్సెటిన్‌లాంటివి దాదాపు ఏ ప్రొటీన్‌లోనైనా మంచి మార్కులే తెచ్చుకుంటాయి. అసలు మందును రెండు ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు తన చోటికి చేర్చలేని అమరికతో కొత్త అణువు గురించి ఏం చెప్పినా నేను నమ్మను.

1990లోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో కుంట్జ్ బృందం ఇదే ప్రొటియేజ్‌లో సరిపోయే అణువుల కోసం డాక్ అనే ప్రోగ్రామ్‌తో వెతికితే మానసిక రోగాలకు వాడే హాలోపెరిడాల్ కుటుంబం తేలింది. వాళ్లు అక్కడితో ఆగకుండా ఎంజైమ్ మీద పరీక్షించారు. అది పనిచేసింది, కానీ మనిషికి ప్రమాదమయ్యే మోతాదులో. ఆ సంగతినీ నిజాయతీగా రాశారు. మన థీసిస్‌లకు అదే కొలబద్ద కావాలి.

ఈ పట్టుదల నాకెందుకంటే, స్కోరు ఎప్పుడో ఒకనాడు పత్రికలో శీర్షికవుతుంది. “ఎయిడ్స్‌కు ఆకుమందు” అని చదివినవాళ్లలో హెచ్ఐవి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు నెలనెలా వెళ్లే మనిషీ ఉంటారు. అక్కడ ఉచితంగా ఇచ్చే టీఎల్‌డీ అనే మాత్రలోని డోలుటెగ్రావిర్ ఆ ఇంటిగ్రేజ్‌నే ఆపుతుంది. రోజుకు ఒక్క మాత్ర. అది మధ్యలో మానేస్తే వైరస్ మళ్లీ పెరుగుతుంది, మాత్రలు వేసుకుంటూ మానుకుంటూ ఉంటే మందుకు లొంగని రూపాలు పుట్టే ప్రమాదమూ ఉంది.

పిల్లలూ, ఆ నీటి అణువును చెరిపే ముందు ఒకసారి చూడండి. స్కోరు వచ్చాక ఎంజైమ్ పరీక్ష చేసే ప్రయోగశాల తలుపు తట్టండి. పత్రికలవాళ్లూ, ఆ పరీక్ష జరిగిందా అని అడగకుండా అచ్చువేయకండి. ఏఆర్‌టీ తీసుకుంటున్నవాళ్లూ, ఏ వార్త చదివినా డాక్టర్‌ను అడగకుండా మాత్ర మానకండి.