చెక్కతో కురిపించిన వాన

జపాన్ చిత్రకారుడు హిరోషిగే ‘ఎడో నూరు ప్రసిద్ధ దృశ్యాలు’ వరసలో 1857లో వచ్చిన చెక్క అచ్చు బొమ్మ ఒకటుంది. సుమిదా నది మీద వంతెన, ఉన్నట్టుండి విరుచుకుపడ్డ వాన, గొడుగుల కింద ఒదిగి పరుగెత్తే జనం. గీసి ఇచ్చింది హిరోషిగే. ఆ వానను కురిపించింది మాత్రం చెక్కినవాడూ, అచ్చేసినవాడూ.

వాన గీతల్ని దగ్గరగా చూడండి. వెంట్రుకంత సన్నం. చెక్క పలక మీద ఎత్తుగా ఉన్నచోటే కాగితానికి రంగు అంటుతుంది. కాబట్టి చెక్కేవాడు గీతను చెక్కలేదు. గీతకు అటూ ఇటూ ఉన్న చెర్రీ కలపనంతా తొలిచేసి గీతను నిలబెట్టాడు. కత్తి కాస్త జారిందా, గీత తెగినట్టే. అలాంటి పలకలు రెండు. ఒకదాని గీతల వాలుకూ ఇంకోదాని గీతల వాలుకూ కొంచెం తేడా, ఒకటి ముదురు, ఒకటి లేత. రెండూ ఒకే కాగితం మీద పడేసరికి వానకు లోతు వచ్చింది. వాన్ గో 1887లో ఈ బొమ్మను చూసి నూనెరంగుల్లో వేశాడు. గొప్ప చిత్రమే, కానీ ఈ సన్నదనం నూనెరంగుకు లొంగలేదు.

ఇక పైనున్న నల్ల మబ్బు. అది కిందికి కరిగిపోతున్నట్టు కనిపించడానికి పలకలో చెక్కిందేమీ లేదు. అచ్చేసేవాడు పలకను తడిపి, పై అంచున రంగు పెట్టి, బ్రష్‌తో పలచబరుస్తాడు. పలక మూలనా అంచునా ఉన్న గాట్లకు కాగితాన్ని ఆనించి పరిచి, వెదురు పొర కప్పిన ‘బారెన్’తో వెనకనుంచి రుద్దుతాడు. రంగును ఇలా పలచబరిచే పద్ధతిని ‘బొకాషి’ అంటారు. ప్రతి కాగితానికీ మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే. అందుకే మబ్బు ఏ రెండు ప్రతుల్లోనూ అచ్చం ఒకేలా ఉండదు.

సేకరించేవాళ్లు ఒకే బొమ్మ ప్రతుల్ని పక్కపక్కన పెట్టి చూసేది ఇందుకే. అచ్చులు పడేకొద్దీ చెక్క అరుగుతుంది, గీతలు మొద్దుబారి అక్కడక్కడా విరుగుతాయి. వీలుంటే కాగితం తిరగేసి చూడాలి: రంగు పీచులోకి ఎంత దిగిందో, బారెన్ ఎలా తిరిగిందో వెనకవైపే బాగా తెలుస్తుంది. ఫ్రేములో బిగించిన ప్రతిని విప్పి చూపించమని అడగడానికి మొహమాటపడకూడదు. ఏళ్లతరబడి ఎండ పడే గోడకు వేలాడిన ప్రతి జోలికి పోకపోవడమే మంచిది, వెలిసిన రంగు తిరిగి రాదు.

తొలి అచ్చులు అందరికీ అందే ధరలో దొరకవు. టోక్యోలోని అదాచి సంస్థ ఈ వరసను కొత్త పలకల మీద చెక్కించి, పాత పద్ధతిలోనే చేత్తో అచ్చేయించింది. కొత్త ప్రతి అని చెప్పి అమ్మినంతకాలం దాన్ని నకిలీ అనకూడదు. నన్నడిగితే, మొదలుపెట్టేవాళ్లు అలాంటిదే ఒకటి కొని, పక్కనుంచి పడే వెలుతురులో వాన గీతల్ని బాగా దగ్గరనుంచి చూడాలి.