మైనమా, సీలెంటా: కారు రంగును నిజంగా కాపాడేదేది?

కొత్త కారు చేతికిచ్చే రోజున షోరూంలో తాళాలతోపాటు ఒక ప్యాకేజీ కూడా అంటగడతారు. పేర్లు వేరైనా చెప్పే మాట ఒకటే: "ఇది చేయించేసుకోండి సార్, ఇక రంగుకు ఢోకా ఉండదు." డీటెయిలింగ్ షాపుకు వెళ్తే మైనం డబ్బా, సీలెంట్ సీసా పక్కపక్కనే కనిపిస్తాయి. రెండూ రంగును రక్షిస్తామనే చెబుతాయి. దేని నుంచి, ఎంత మేరకు, ఎన్నాళ్లు? ఈ మూడు ప్రశ్నలూ రెండింటినీ అడిగితే జవాబులు ఒకలా రావు.

ముందు కాపాడుకోవలసినదేమిటో చూద్దాం. ఇప్పటి కార్లలో చాలావాటి రేకు మీద నాలుగు పొరలుంటాయి. బాడీని తొట్టిలో ముంచి విద్యుత్తుతో పట్టించే తుప్పు నిరోధక పొర, దానిమీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికంటే పైన పారదర్శకమైన క్లియర్ కోట్. అన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే రసాయనాలను తయారీదారులు ఈ పొరలోనే కలుపుతారు. అంటే రంగుకు అసలు కాపలా ఫ్యాక్టరీలోనే ఏర్పాటైపోయింది. మనం పైన పూసే మైనమైనా, సీలెంటైనా ఒక్క మైక్రాన్ మందం కూడా ఉండదు.

మరి మైనం మీద ఇంత నమ్మకం ఎక్కణ్నుంచి వచ్చింది? అంబాసిడర్, ప్రీమియర్ పద్మినిల కాలంలో చాలా కార్లకు క్లియర్ కోట్ ఉండేది కాదు. రంగే నేరుగా ఎండకు గురై, పైపైన పొడిబారి వెలిసిపోయేది. పాలిష్ పెట్టి రుద్దితే గుడ్డకు కారు రంగు అంటుకునేది. పాడైన పొర పోయి కింద ఉన్న తాజా రంగు తేలేది, దానిమీద మైనం పట్టేది, కారు మళ్లీ నిగనిగలాడేది. అప్పట్లో అది నిజంగా అవసరమైన పనే. ఆ తర్వాత రంగు వేసే పద్ధతి పూర్తిగా మారిపోయింది, నమ్మకం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు రెండింటి పుట్టుక చూద్దాం. పేరున్న మైనాల్లో ముఖ్యమైనది కార్నూబా. ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి దీన్ని తీస్తారు. ఎండకు ఆకుల్లోని తేమ ఆరిపోకుండా ఆ చెట్టు తనకు తాను వేసుకున్న పూత ఇది. 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. ఉన్నది ఉన్నట్టుగా పూయలేనంత గట్టిది కాబట్టి వేరే మైనాలు, నూనెలు, ద్రావకాలు కలిపి మెత్తబరుస్తారు. అందువల్ల డబ్బాలోని మిశ్రమం ఇంకా తక్కువ వేడికే మెత్తబడుతుంది. సీలెంట్ ప్రయోగశాలలో పుట్టింది. సిలికోన్ వంటి పాలిమర్లు దీనికి ఆధారం. మైనం రంగు మీద ఊరికే కూర్చుంటుంది, మంచి సీలెంట్ ఆరుతూ రంగును పట్టుకుంటుంది.

ఈ తేడా మన ఎండల్లో బాగా తెలుస్తుంది. మే నెల మధ్యాహ్నం నీడలేని చోట నిలిపిన నల్ల కారు బానెట్ మీద చెయ్యి ఆనదు. ఆ వేడి, దానికి తోడు బట్టల సబ్బుపొడి కలిపిన బకెట్ నీళ్లు మైనాన్ని కొద్ది వారాల్లోనే లేపేస్తాయి. సీలెంట్ అదే వేడిని, అదే సబ్బును కొన్ని నెలలపాటు తట్టుకుంటుంది. మన్నికలో గెలుపు సందేహం లేకుండా సీలెంట్‌దే.

మెరుపులో తీర్పు తిరగబడుతుంది. నల్లని, ముదురు ఎరుపు కార్ల మీద కార్నూబా ఇచ్చే లోతైన నిగారింపు సీలెంట్‌కు రాదు. సీలెంట్ మెరుపు అద్దపు మెరుపు, శుభ్రంగా ఉంటుంది కానీ ఆ నిండుతనం ఉండదు. అయితే తెలుపు, వెండి రంగు కార్ల మీద ఈ తేడా పట్టి చూసినా అంతగా తెలియదు. మన రోడ్ల మీద తెల్ల కార్లే ఎక్కువ.

ఇక అసలు పరీక్ష, కాకి రెట్ట. అందులోని ఆమ్లం ఒక ఎత్తు, ఎండ ఒక ఎత్తు. వేడికి క్లియర్ కోట్ కాస్త మెత్తబడి వ్యాకోచిస్తుంది. సాయంత్రం చల్లబడి బిగుసుకునేటప్పుడు పైన ఎండి గట్టిపడిన రెట్ట అంచుల చుట్టూ ఒదిగిపోతుంది. మర్నాడు రెట్ట కడిగేసినా దాని ఆకారం గుంటలా మిగిలిపోయేది అందుకే. పూత ఉంటే రెట్ట క్లియర్ కోట్‌కు నేరుగా తగలదు, తడిగుడ్డ కాసేపు వేసి ఉంచితే తేలిగ్గా ఊడి వస్తుంది. పనసకాయ కోసేముందు చేతులకు నూనె రాసుకోవడం లాంటిదే ఇది: జిగురు అంటదు, కత్తి తగిలితే మాత్రం నూనె ఆపలేదు. మైనమైనా, సీలెంటైనా ఇక్కడ ఇచ్చేది కొన్ని గంటల వ్యవధి. వారం రోజులు అలా వదిలేసిన రెట్టను ఏదీ ఆపదు.

షాపుల్లో చూపించే నీటి ముత్యాల సంగతీ చెప్పాలి. బానెట్ మీద నీళ్లు చల్లితే గుండ్రటి బొట్లుగా జారిపోతాయి, చూసినవాళ్లు రక్షణ కుదిరిందనుకుంటారు. ఆ బొట్లు చెప్పేది పైభాగం నీటిని అంటనివ్వడం లేదన్న ఒక్క సంగతే. పైగా బోరు నీళ్లతో కడిగి తుడవకుండా వదిలేస్తే ప్రతి బొట్టూ ఉన్నచోటే ఇగిరి, అందులోని లవణాలు తెల్లటి వలయంగా మిగులుతాయి. పూత ఉన్నా ఆ మరకలు తప్పవు.

అతినీలలోహిత కిరణాల విషయంలో రెండూ ఓడిపోతాయి. కిరణాలను పీల్చాలంటే మందం కావాలి, మైక్రాన్‌కు తక్కువైన పొరలో ఆ మందం లేదు. గీతల విషయంలోనూ అంతే. అపార్ట్‌మెంట్లలో తెల్లవారుజామున ఒకే బకెట్ నీళ్లతో, ఒకే గుడ్డతో వరసగా కార్లన్నీ తుడుస్తారు. మొదటి కారు మీది ఇసుక రెండో కారును గీస్తుంది. రాత్రి పెట్రోలు బంకు లైట్ల కింద నిలబడి చూడండి, బానెట్ నిండా గుండ్రటి సన్నగీతలు కనిపిస్తాయి. మైనం గీతల్లో నిండి కొన్నాళ్లు కనిపించకుండా చేస్తుంది, సీలెంట్ ఆమాత్రం కూడా చేయదు. రాయి తగిలితే ఆపగలిగేది 150 నుంచి 200 మైక్రాన్ల మందముండే పాలియురేథేన్ ఫిల్మే. విశాఖ, కాకినాడ వంటి తీరపట్టణాల్లో ఉప్పుగాలికి తుప్పు మొదలయ్యేది చక్రాల పైనుండే వంపుల లోపల, తలుపుల అడుగున. అక్కడికి మైనమూ పోదు, సీలెంటూ పోదు.

టెఫ్లాన్ పేరుతో అమ్మేవాటి గురించి కూడా ఒక మాట. పెనం మీద టెఫ్లాన్ పట్టడానికి 300 డిగ్రీలకు పైగా కాల్చాలి. కారు రంగు ఆ వేడికి మాడిపోతుంది, కాబట్టి కారు మీద అది అలా పట్టే వీలే లేదు. సిరామిక్ పూతలు సీలెంట్ కంటే ఎక్కువకాలం నిలుస్తాయన్నది నిజమే. కానీ వాటి ప్రకటనల్లో కనిపించే '9హెచ్' అన్నది పెన్సిల్‌తో గీసి చూసే పరీక్షలోని అంకె. వజ్రాన్ని 10గా లెక్కించే ఖనిజాల కాఠిన్య కొలమానంతో దానికి సంబంధం లేదు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది పూత కాదు, పూతకు ముందు జరిగే రబ్బింగ్. రంగు తళుక్కుమనాలని మెషీన్ పెట్టి పాలిష్ కొడతారు. పాలిష్ అంటేనే అరగదీయడం. కొట్టిన ప్రతిసారీ క్లియర్ కోట్ కొంత పోతుంది, దాంతోపాటు ఎండను అడ్డుకునే రసాయనాలూ పోతాయి. ఏటా ఈ ప్యాకేజీ చేయించుకునేవాళ్లు 50 మైక్రాన్ల అసలు కాపలాను అరగదీసుకుని, దాని బదులు మైక్రాన్ కూడా లేని కాపలాను కొనుక్కుంటున్నారు. ఒకసారి పోయిన క్లియర్ కోట్ మళ్లీ పెయింట్ బూత్‌కు వెళ్తే తప్ప రాదు.

కాబట్టి నా తీర్పు ఇది. రెండింటిలో ఒకటి ఎంచుకోవలసి వస్తే మన వాతావరణానికి సీలెంటే తగినది. వేసవికి ముందు ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి చాలు. ముదురు రంగు కారును ముచ్చటపడి చూసుకునేవాళ్లు మైనం పెట్టుకోవచ్చు, అది అందం కోసమని తెలిసి పెట్టుకోవాలి. నీడన నిలపడం, కారు షాంపూతో కడగడం, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవడం, రెట్ట పడిన రోజే తీసేయడం మాత్రం ఏ పూత ఉన్నా మానకూడదు. డీటెయిలింగ్ షాపుకు వెళ్తే డబ్బు కట్టేముందే రంగు మందం కొలిచే గేజ్ తెమ్మనండి. పాలిష్‌కు ముందు ఎంత, తర్వాత ఎంత అన్నది మీ కళ్లముందే కొలిపించండి. కొలిచి చూపించనన్న చోట కారు వదలకండి.