చంపకమాలలో దాచిన సంఖ్య

కోరుకొండలో మా ఇంటి అరుగు మీద తాతగారు సుద్దముక్కతో చదరంగం గళ్లు గీసి, చేటలోంచి ధాన్యం గింజలు తీసి పేర్పించేవారు. మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడోదాంట్లో నాలుగు. మొదటి వరుస నిండేసరికి 255 గింజలు. రెండో వరుస చివరికి 65,535. వెయ్యి గింజలు 20 గ్రాములనుకుంటే కేజీ పైచిలుకు. మూడో వరుసకు నాలుగున్నర బస్తాలు కావాలి. "ఇంక గింజలు చాల్లేరా, పద్యం పట్టు" అనేవారు.

ఆ పద్యం పావులూరి మల్లనదని ప్రసిద్ధి. మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని తెలుగు చేసిన కవి ఆయన. రాజరాజ నరేంద్రుడు మల్లన వంశానికి పిఠాపురం దగ్గర నవఖండవాడను ఇచ్చాడని సాహిత్య చరిత్రలు చెబుతాయి. ఆ రాజు రాజధాని రాజమహేంద్రవరానికి దగ్గర్లో పెరిగిన నాకు ఇది మా ఇంటి లెక్కే.

అరవై నాలుగు గళ్లలోని గింజల మొత్తం 18446744073709551615. లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్ల పైమాటే. ప్రపంచమంతా ఏడాదికి పండించే వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. ఆ లెక్కన నాలుగు వందల ఏళ్ల పంట పోసినా ఆఖరి గడి నిండదు. 2ను ఆరుసార్లు వర్గం చేసి ఒకటి తీసేస్తే ఈ సంఖ్య వస్తుంది. గురులఘువుల అమరికలు ఎన్నో లెక్కగట్టడానికి ఛందశ్శాస్త్రకారుడు పింగళుడు చెప్పిన కిటుకు కూడా ఇలాంటిదే.

మల్లన చంపకమాలలో దాగింది ఈ సంఖ్యే: ఇరవై అంకెలకు ఇరవై మాటలు. శర అంటే 5, మన్మథుడి బాణాలు ఐదు కాబట్టి. గగనం సున్న. కుంజరం 8, దిగ్గజాలు ఎనిమిది. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు నడవాలి కనక పద్యంలో ముందొచ్చే శర సంఖ్యలో చివరి 5 అవుతుంది. నాలుగు నాలుగుసార్లు వస్తే, కవి నాలుగుసార్లూ వేర్వేరు మాటలే వేశాడు: అబ్ధి, వేద, పయోనిధి, పద్మజాస్య. నాకు అబ్బురం ఇక్కడే. రెండు లఘువులు కావలసినచోట శశి, గురువూ లఘువూ కావలసినచోట చంద్ర. రెండూ ఒకటే అంకె, తూకం వేరు. తాటాకు మీద అంకె చెరిగితే ఎవరూ కనిపెట్టలేరు. మాట జారితే మాత్రం చాలాసార్లు గణమే చెప్పేస్తుంది. నేను చంద్ర బదులు శశి అంటే తాతగారి తొడ మీద తాళం టక్కున ఆగిపోయేది.

పద్యం చెప్పే ఈ సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొడితే 3, 5, 17, 257, 641, 65537, 6700417 వస్తాయి. వీటిలో 641, 2³²+1ను భాగిస్తుందని 1732లో గణితవేత్త ఆయిలర్ పట్టుకున్నాడు. 2³²+1ను ప్రధాన సంఖ్య అనుకున్న ఫెర్మా ఊహ దానితోనే వీగిపోయింది.

చంద్ర ఉన్నచోట వేద అంటే? గణం చెడదు. ఒకటి నాలుగవుతుంది. అంకెల మొత్తం 87 కాస్తా 90 అవుతుంది, 3తో భాగించి చూసినా తప్పు దొరకదు. 17తో భాగించాలి. అప్పుడు శేషం మిగులుతుంది.